నల్ల మేక వంశావళి

రెండు నదులు కలిసి ఒకటై సముద్రానికి పోయే చోట, ఖలీఫాల కాలంలో ఒక రేవు పట్నం ఉండేది. ఆ పట్నంలో ఖర్జూరాలూ కవులూ అవసరానికి మించి పండేవి. ఖర్జూరాలను ఓడలకెక్కించి పంపేవారు. కవులను పంపడానికి వీల్లేక అమీరు కొలువులో కూర్చోబెట్టేవారు.

కొలువులో కుడివైపు అరబ్బులు, ఎడమవైపు అజములు. అజములంటే అరబ్బులు కానివాళ్లందరూ. కానీ ఆ కొలువులో ఆ మాటకు అర్థం పారసీలనే. అరబ్బులు లేచి, మా తాతలు ఎడారిలో నక్షత్రాల కింద పద్యాలు చెబుతుంటే మీ తాతలు గోడల మధ్య గురకపెట్టారనేవారు. అజములు లేచి, మా తాతలు సింహాసనాల మీద కూర్చున్న కాలంలో మీ తాతలు కన్నాల్లోంచి ఉడుముల్ని లాగుతున్నారనేవారు. ఈ తిట్లన్నీ రెండు పక్షాలూ అరబ్బీలోనే తిట్టుకునేవి. మంచి అరబ్బీలో, ఛందస్సు తప్పకుండా.

ఒక శుక్రవారం నాడు, ఉడుము మాంసం గొప్పదా, తేనె పోసి చేసిన పారసీ హల్వా గొప్పదా అన్న చర్చ వచ్చింది. పద్యాలు అయిపోయాక చేతులు లేచాయి. ఎవరిదో తలపాగా ఊడి వెళ్లి అమీరు షర్బత్తులో పడింది. అమీరు శాంతమైన మనిషి. తన షర్బత్తు తాను తాగనిస్తే ఆయనకు ఎవరి మీదా కోపం లేదు. తలపాగాను బయటికి తీయించి, ఈ గొడవ ఇక కొలువులో వద్దు, కచేరీలో తేల్చుకోండి అన్నాడు. అలా పుట్టింది గ్రంథవంశ నిర్ణయ దివాను.

దివాను మొదటి ఫర్మానా ఇలా ఉంది.

"యావన్మందికీ తెలియజేయడమేమనగా: ఇకమీదట ఈ పట్నంలో వంశం తెలియని పుస్తకం ఉండరాదు. ప్రతి పుస్తకమూ అరబ్బుదో అజముదో తేలవలెను. అందులోని మాట ఎవరు చెప్పగా ఎవరు విన్నారో, వారికి ఎవరు చెప్పారో, మొదటివారి వరకు వరస దాఖలు చేయవలెను. మొదటివారు ఏ జాతివారో పుస్తకం ఆ జాతిది. నలభై దినాలలో వంశం తేలని పుస్తకాన్ని చాకిరేవులో అక్షరం మిగలకుండా కడిగించి, ఖాళీ తోలును సొంతదారుకు మర్యాదపూర్వకంగా వాపసు చేయవలెను."

మొదటివారి దాకా వరస చెప్పడం ఆ దేశంలో కొత్త సంగతి కాదు. అక్కడ ఏ మాటా ఒంటరిగా తిరగదు. ఫలానా బావి నీళ్లు తియ్యగా ఉంటాయి అనాలన్నా, నాకు ఫలానావాడు చెప్పాడు, వాడికి వాళ్ల మామ చెప్పాడు, ఆయన స్వయంగా తాగాడు అని చెప్పాల్సిందే. లేకపోతే దాహంతో ఉన్నవాడు కూడా ఆ బావికి వెళ్లడు. దివాను చేసిందల్లా ఆ వరసలో ఉన్నవాళ్లను పేరుపేరునా నిలబెట్టి, నీ జాతేమిటని అడగడం.

ఫర్మానాలో ఏడో షరతును అమీరే స్వయంగా చేర్పించాడు. ఆయనకు పదవి వచ్చిన ఏడాదే ముగ్గురు మనుషులు వంశవృక్షాలు పట్టుకుని, మేం నీ పినతండ్రులమంటూ వచ్చారు. అమీరు తల్లి తలుపు సందులోంచి చూసి, ఈ మొహాలు నేనెన్నడూ చూడలేదంది. అందుకని ఏడో షరతు: "వంశపత్రాలు ఎవరైనా రాయించుకోగలరు గనుక, బంధువు తన బంధువును సాక్షుల ఎదుట స్వయంగా గుర్తించినచో, ఆ గుర్తింపు సమస్త దాఖలాలకూ మించినదగును."

గ్రంథాలయాన్ని రెండు గదులు చేస్తూ మధ్యన గోడ లేపారు. చదువుకునేవాళ్ల బల్ల గోడకు అడ్డమొస్తే దాన్ని సగానికి కోశారు. రెండేసి కాళ్ల ముక్కలు ఇటొకటి, అటొకటి నిలబడలేక గోడకు ఆనుకున్నాయి.

అరబ్బు గదికి అధికారి అబూ ఖష్రమ్. ఎడారి మాట వస్తే ఆయనకు కళ్లు చెమరుస్తాయి. పుస్తకాల్లో తప్ప ఎడారిని చూసినవాడు కాదు. వాళ్ల తాత ఖురాసానులో పట్టు నేసేవాడు. ఇంట్లో చెయ్యి కాలితే ఆయన నోట పారసీ వచ్చేది. అజముల గదికి అధికారి ఫీరూజాన్. పారసీ చక్రవర్తుల పేర్లు చెప్పేటప్పుడు లేచి నిలబడతాడు. పారసీ మాత్రం రెండు ముక్కలు వచ్చు, రెండూ మిఠాయిల పేర్లే. ఒంటెలకు వైద్యం చేసే వాళ్ల నాన్నను అరబ్బుల సంతలో అందరూ ఎరుగుదురు.

ఈ సంగతులు బాగా తెలిసినవాడు దన్హా. కాగితాల బజారులో పుస్తకాలకు ప్రతులు రాసి బతికే మనిషి. అరబ్బుల గొప్పతనం మీద అబూ ఖష్రమ్ రాసిన పుస్తకానికీ, అజముల గొప్పతనం మీద ఫీరూజాన్ రాసిన పుస్తకానికీ ప్రతి రాసింది అతనే. ఒకదాంట్లో ఆతిథ్యం గురించిన అధ్యాయం, రెండోదాంట్లో మర్యాద గురించిన అధ్యాయం అక్షరం తేడా లేకుండా ఒకటేనని, జాతి పేరు ఒక్కటే మారిందని అతనికి తెలుసు. చెప్పలేదు. అడిగితే చెప్పేవాడేమో గానీ ఎవరూ అడగలేదు. ఫర్మానాకు నూరు ప్రతులు రాసిందీ అతనే.

దన్హా అరబ్బు కాదు, పారసీ కాదు. కాలవల వెంట బురదలో పొలాలు చేసుకునే నబతీ కులం. ఆ కులంవాళ్లను తిట్టే విషయంలో మాత్రం కొలువులో రెండు పక్షాలకూ ఏకాభిప్రాయం ఉండేది.

ఇరవై ఏళ్లు ఇతరుల పుస్తకాలు రాసిన దన్హా, తనదంటూ ఒకే ఒక్క పుస్తకం రాసుకున్నాడు. ముప్పై ఆకుల పుస్తకం, మేకతోలు మీద రాసింది, ఉన్నది ఒకటే ప్రతి. పేరు 'ఖర్జూరపు తోట సంగతి'. పిలక ఎప్పుడు విడదీయాలి, ఉప్పునీళ్లు ఎక్కితే ఏం చేయాలి, మగచెట్టు పువ్వు దులిపి పుప్పొడిని ఆడచెట్టు గెలకు ఎలా పట్టించాలి, ఏ గాలికి పట్టించకూడదు, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఏదీ అతను కనిపెట్టింది కాదు. అంతా అత్తగారు షప్పీరా చెప్పింది. కఫ్రా పల్లెలో ఆమెను మించిన చెట్టెక్కేవాళ్లు లేరు. అరవై ఏళ్లు ఎక్కాక మోకాళ్లు పట్టేశాయి. అప్పుడు అల్లుణ్ణి కూర్చోబెట్టి, "నేను చెబుతా, నువ్వు రాయి. నా పేరు మొదట్లో ఉండాల. లేదా, చెప్పను" అంది.

అందుకే పుస్తకం ఇలా మొదలవుతుంది: "నాకు మా అత్త షప్పీరా చెప్పింది. ఆమెకు వాళ్లమ్మ చెప్పింది, ఆమెకు వాళ్లమ్మ చెప్పింది. ఆ ముత్తవ్వకు ఒక నల్ల మేక చూపింది."

బజారులో తనిఖీకి వచ్చిన దివాను బంట్లు ఆ పుస్తకాన్ని పట్టుకుపోయారు. మర్నాడు దన్హా అరబ్బు గదిలో నిలబడ్డాడు.

అబూ ఖష్రమ్ మొదటి ఆకు చదివి, పుస్తకాన్ని కాస్త దూరంగా పెట్టి మళ్లీ చదివాడు.

"షప్పీరా అనగా ఏ తెగకు చెందిన స్త్రీ?"

"కఫ్రా పల్లె అండి. కాలవ పక్కన."

"కాలవ తెగ కాదు. ఆమె తల్లి?"

"అదే ఇల్లండి."

"సరే. వరస చివర మేక అని కనబడుతున్నది. ఇది బిరుదమా? పూర్వం మా తెగలలో సింహం, తోడేలు అని పేర్లు పెట్టుకున్న మహానుభావులు ఉన్నారు."

"లేదండి. మేకేనండి. నాలుగు కాళ్లది."

పక్కన కూర్చున్న గుమాస్తా నాలుగు అని రాసుకున్నాడు. ఆ గుమాస్తా చాలా నిక్కచ్చి మనిషి. ఫర్మానా ఆయనకు కంఠతా వచ్చు, దానికి బయట లోకం ఉందన్న సంగతి ఆయనకు ఎవరూ తెలియజేయలేదు.

"మేక ఏమి చూపింది? ఎట్లా చూపింది?" అన్నాడు అబూ ఖష్రమ్.

దన్హా వీలైనన్ని తక్కువ మాటల్లో చెప్పాడు. ముత్తవ్వ కాలంలో పల్లెలో ఖర్జూరాలు కాసీ కాయకుండా రాలిపోయేవి. ఒక ఏడు, గాలికి విరిగి కిందపడ్డ మగపూల గుత్తిని నల్ల మేక తిన్నది. గడ్డం నిండా పచ్చటి పొడి. ఆ గడ్డం దురదపెట్టి, పొట్టిగా ఉన్న ఒక ఆడచెట్టు గెలకేసి రుద్దుకుంది. ఆ గెల ఒక్కటే నిండుగా పండింది. ముత్తవ్వ చూసింది. మరుసటేడు మేక చేసిన పని తాను చేసింది.

"అనగా ఈ శాస్త్రానికి మూలం మేక గడ్డపు దురద," అన్నాడు అబూ ఖష్రమ్. "ఇటువంటిది మా గదిలో ఉంచడానికి వీలులేదు. పక్క గదికి దాఖలు చేసుకో."

పక్క గదిలో ఫీరూజాన్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని చదివాడు. "మా చక్రవర్తుల ఉద్యానవనాలకు మేకలను రానిచ్చేవారు కాదు. పక్క గదికి వెళ్లు."

"అక్కణ్ణుంచే వస్తున్నానండి."

"అయితే పుస్తకం కడగబడును. విచారించదగ్గ విషయమే." తర్వాత గొంతు తగ్గించాడు. "చూడు, నీ చేతిరాత బాగుంటుంది, అందుకని చెబుతున్నా. ఆ ముసలమ్మనీ మేకనీ తీసెయ్. వంశాలు రాసే ఆయన సందు చివరే ఉంటాడు. ఒక బుట్ట ఖర్జూరాలిస్తే సాయంత్రానికి నిన్నొక రాజోద్యానపాలకుడి మునిమనవణ్ణి చేసి పెడతాడు. మావాళ్లు చాలామంది అక్కడ తయారైనవాళ్లే."

దన్హా పడవెక్కి కఫ్రాకు వెళ్లాడు. షప్పీరా గుమ్మంలో కూర్చుని ఖర్జూరపు నారతో తాడు పేనుతోంది.

"మొహం అట్టా పెట్టావేంది అల్లుడా? ఎవురన్నా పోయారా?"

చెప్పాడు. ఆమె తాడు పేనడం ఆపలేదు.

"నా పేరు తీసేసి ఎవురి పేరు పెడతారంట?"

"ఎవరో రాజుగారి తోటమాలి."

"వాడు చెట్టెక్కాడా?"

"పుట్టనే లేదత్తా వాడు."

"పుట్టని మొగోడికి పేరుంటది గానీ, అరవై ఏళ్లు చెట్టెక్కినదానికి ఉండదా? సూడు అల్లుడా, మొన్న అవతలి తోటలో నా శిష్యురాలు పడి నడుం ఇరగ్గొట్టుకుంది. ఇంక ఇద్దరే మిగిలారు ఈ పనెరిగినోళ్లు. ఆ పుస్తకం కడిగేస్తే నేను పోయినాక ఈ పల్లె ఏం తింటది? మేకల్లే గడ్డి తింటదా?"

"పేరు మారిస్తే పుస్తకం మిగులుద్ది కదా అత్తా."

ఆమె తాడు పక్కన పెట్టింది. "నువ్వు మంచోడివే. కానీ నోట్లో నాలుకుండదు, అదీ నీతో వచ్చిన చిక్కు. నా పేరు తీసెయ్, పోనీ. మేక పేరు తీసేస్తావా? అది లేకపోతే మేం యాడున్నాం? నాకు మాట ఇచ్చావా లేదా?"

"ఇచ్చా."

"మరి పో. మజ్జిగ తాగి పో."

మజ్జిగ తాగుతూ దన్హా పెరట్లోకి చూశాడు. షప్పీరా మేకలు పది దాకా ఉన్నాయి, అన్నీ నల్లవే, ఆ ముత్తవ్వ మేక సంతతే. పాత బుట్ట, చీపురు, చిరిగిన గోనె, అందినదల్లా నములుతున్నాయి. గోడకు ఆరేసిన మేకతోలు దగ్గరికి మాత్రం ఒక్కటీ పోవడం లేదు. ఒకటి దాన్ని వాసన చూసి, తుమ్మి, వెనక్కు తిరిగింది. దన్హా ఆ మేకను చాలాసేపు చూశాడు.

పట్నం వచ్చి దివానుకు ఒక్క ముక్క రాసిచ్చాడు: వరసలో మార్పు లేదు.

ఇక్కడ గుమాస్తాకు చిక్కొచ్చింది. వరసలో ఎవరి జాతి ఏమిటో తేల్చమని ఫర్మానా చెబుతోంది గానీ, మేక వస్తే కొట్టేయమని ఎక్కడా లేదు. ఆయన దస్త్రం తయారుచేసి అమీరు ముందు పెట్టాడు. "చిత్తగించవలెను. మొదటివారు మేక అయియున్నారు. వారి జాతి తేలవలసి ఉన్నది."

అమీరు అప్పుడే ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకున్నాడు. గింజ ఊసి, కథంతా విన్నాడు. "అంటే ఈ పట్నానికి ఖర్జూరాలు పెట్టిన తల్లి ఆ మేకన్నమాట. ఇంత ఉపకారం మీ రెండు జాతుల్లో ఇంకెవరైనా చేశారా?" అని అడిగాడు.

 ఆనాటి కొలువు ముగిసేసరికి మేక అరబ్బు అయిపోయింది, అజము కూడా అయిపోయింది.

అబూ ఖష్రమ్ నలభై కాగితాల గ్రంథం రాశాడు. మేక ముళ్లు తింటుంది, ఎండకు వెరవదు, దాని వెంట్రుకలతోనే గుడారం నేస్తారు, ఒకచోట నిలవదు. కనుక మేక సాక్షాత్తూ ఎడారి బిడ్డ. ఫీరూజాన్ నలభై రెండు కాగితాలు రాశాడు. మేకకు గడ్డం ఉంది, గుంభనంగా చూస్తుంది, మింగినదాన్ని మళ్లీ తీసుకుని ఆలోచిస్తూ నములుతుంది. ఇటువంటి నాగరికత ప్రాచీన రాజధానుల్లో తప్ప అలవడదు. పైగా మేక పుప్పొడిని తినక గెలకు సమర్పించింది, ఇది కేవలం రాజమర్యాద.

పట్నం మేకల మీద పడింది. అరబ్బు వీధుల్లో మేకల మెడకు తెగ పేరు రాసిన రేకులు కట్టారు. అజముల వీధుల్లో వాటి కొమ్ములకు బంగారు రంగు పూశారు. కవులు గడ్డాలు కోసుగా దిద్దుకున్నారు. "నీ నడక మేక నడక" అని ఒక కవి ప్రియురాలి మీద పద్యం చెబితే ఆమె అన్నలు వచ్చి కానుకలిచ్చిపోయారు. కసాయివాళ్లు మేకను కోయాలంటే అది తమ జాతిది కాదని ముందు దివాను నుంచి పత్రం తేవాలి. పత్రం వచ్చేలోగా మేక ముసలిదై తనంత తానే పోయేది. పట్నమంతా చేపలు తిన్నది. చేపల జాతి విచారణ కోసం ఒక అర్జీ అప్పటికే దివానుకు చేరింది.

రెండు గ్రంథాలకూ శుభ్రప్రతి రాయవలసినవాడు మళ్లీ దన్హాయే. అమీరు ముందుకు పోయేవి గనుక, సమర్కందు కాగితం మీద రాయమన్నారు. కాగితం మీద సిరా పాకకుండా ముందుగా గోధుమ గంజి పట్టించి, ఆరబెట్టి, నున్నటి రాయితో రుద్దడం ఆ వృత్తిలో మామూలే. దన్హా ఈసారి గంజి దట్టంగా పట్టించాడు. గంజిలో ఉప్పు కూడా నాలుగు గుప్పిళ్లు పడింది. ఎలా పడిందో అతన్ని ఎవరూ అడగలేదు.

నలభై దినాల గడువులో ముప్పై ఎనిమిదో నాడు దివానులో ఇద్దరు అధికారులూ ఎదురుబొదురు నిలబడి అరుచుకుంటుంటే, మూలన నిలబడ్డ దన్హా దగ్గాడు.

"ఏడో షరతు ఉంది కదండీ," అన్నాడు.

అంతకుముందు దివానులో అతను అడక్కుండా మాట్లాడింది లేదు. అందరూ తిరిగి చూశారు. గుమాస్తా కళ్లు మూసుకుని ఏడో షరతు అప్పజెప్పాడు. "బంధువు తన బంధువును సాక్షుల ఎదుట స్వయంగా గుర్తించినచో..."

"ఆ మేక మనవరాళ్లు మా అత్త ఇంట్లో ఉన్నాయండి," అన్నాడు దన్హా. "మీ రెండూ నాదీ, మూడు పుస్తకాలూ వాటి ముందు పెడితే, చుట్టమేదో అవే చెబుతాయి."

మర్నాడే మూడు పడవల్లో దివాను కఫ్రాకు కదిలింది. మేక భాష పరీక్షించడానికి అబూ జహ్దమ్‌ను కూడా తెచ్చారు. అబూ జహ్దమ్ దివాను నియమించిన ప్రామాణిక ఎడారివాసి. పదం స్వచ్ఛమైనదా కాదా అని సందేహం వస్తే పండితులు పట్నం గోడ బయట అతని గుడారానికి వెళ్లి అడిగేవారు. పట్నం తిండి తింటే నాలుక చెడుతుందని అతనికి ఒంటెపాలు తప్ప ఏమీ ఇవ్వరాదని ఉత్తర్వు. దన్హా వారానికోసారి గుడ్డలో చుట్టి హల్వా పట్టుకెళ్లేవాడు. ఒకడు తినేవాడు, ఒకడు చూసేవాడు. మాటల్లేవు. ఇద్దరికీ మంచి స్నేహం.

షప్పీరా గుమ్మంలోంచి చూసింది.

"ఏందయ్యా ఇంతమంది? పెళ్లి చూపులా?"

"అమ్మా, మేము దివాను వారము. తమ గృహమందలి మేకను విచారించుటకు..."

"పాలిచ్చేదాన్నా, పొడిచేదాన్నా?"

గుమాస్తా ఫర్మానా తిరగేశాడు. అందులో ఈ తేడా లేదు. "వయసులో పెద్దవారిని," అన్నాడు.

ఒక ముసలి మేకను తెచ్చారు. అబూ జహ్దమ్ దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. మేక అతన్ని చూసి మూడుసార్లు అరిచింది.

"ఏమన్నది?" అన్నాడు అబూ ఖష్రమ్ ఆత్రంగా.

"దప్పికంటోంది."

"ఉచ్చారణ ఎట్లున్నది? మధ్య ఎడారిదేనా?"

"పారసీ ఛాయ లేదూ అందులో? ఆ చివరి సాగదీత..." అన్నాడు ఫీరూజాన్.

"మేక ఛాయ ఉంది," అన్నాడు అబూ జహ్దమ్. "నీళ్లు పెట్టండి."

నీళ్లు తాగాక చాప పరిచి మూడు పుస్తకాలూ పెట్టారు. కుడివైపు అబూ ఖష్రమ్ గ్రంథం, ఎడమవైపు ఫీరూజాన్ గ్రంథం, మధ్యన దన్హా మేకతోలు పుస్తకం. మేకను వదిలారు. దన్హా చేతులు వెనక్కి కట్టుకున్నాడు. 

మేక తిన్నగా కుడివైపు వెళ్లింది.

"చూశారా! రక్తం పిలిచింది!" అని అబూ ఖష్రమ్ చేతులెత్తాడు.

మేక మొదటి కాగితం నాకింది. ఆగింది. మళ్లీ నాకింది. తర్వాత ఎడారి బిడ్డలు అన్న అధ్యాయం నుంచి మొదలుపెట్టి, చివరి దాకా తీరుబడిగా తిన్నది. ఫీరూజాన్ నవ్వి నవ్వి తలపాగా సర్దుకుంటుండగా మేక ఎడమవైపు తిరిగింది. నలభై రెండు కాగితాలూ రాజమర్యాదతో సహా పోయాయి. అట్ట దారం దాని నోట్లోంచి వేలాడుతోంది.

ఇక మిగిలింది మధ్యది. మేక దాని దగ్గరికి వచ్చింది. షప్పీరా పెదవులు బిగించింది. మేక పుస్తకం మీద ముక్కు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివర దాకా వాసన చూసింది. తుమ్మింది. కడుపు నిండిన బరువుతో దాని పక్కనే ముందుకాళ్లు మడిచి పడుకుంది.

 గుమాస్తా కలం గరగరమంటోంది.

"ఏమి రాస్తున్నావు?" అన్నాడు అబూ ఖష్రమ్.

"జరిగినది. మొదటి రెండు గ్రంథాలను మేక బంధువులుగా గుర్తించలేదు. మూడవదానిని ఆఘ్రాణించి, హాని చేయక, దాని సన్నిధిని విశ్రమించింది."

"అన్యాయం! భుజించుట కూడా ప్రేమయే!"

"బంధువులను భుజించుట తమ జాతి ఆచారమని దాఖలు చేయమంటారా?" గుమాస్తా నిజంగానే అడిగాడు. కలం ముంచి ఎదురుచూశాడు. అబూ ఖష్రమ్ వద్దన్నాడు.

ఫీరూజాన్ ఇంకా ఓడిపోలేదు. "మేకకూ పుస్తకానికీ బంధుత్వమేమిటి?"

"తోలు మా మేకదేనయ్యా," అంది షప్పీరా. "దీనికి పెద్దమ్మ. నిరుడు పోయింది. మంచి పాలిచ్చేది."

గుమాస్తా అదీ రాసుకున్నాడు. పెద్దమ్మ.

అమీరు ఆ నివేదిక చదివి, షర్బత్తు పూర్తిగా తాగి, మొహరు వేశాడు. పుస్తకం వంశం తేలింది. అది అరబ్బుది కాదు, అజముది కాదు, మేకది. ఫర్మానా ప్రకారం దానికి గది ఇవ్వాలి. గ్రంథాలయం వెనక మూడో గది కట్టారు. తలుపు మీద 'మేక శాఖ' అని రాయించారు. రాసింది దన్హా. లోపల ఒకే అర, అరలో ఒకే పుస్తకం. మొదటి ఆకు మీద షప్పీరా పేరు ఉన్నచోటే ఉంది.

మూడో గదిలోకి మూడు నెలలు ఇంకో పుస్తకం రాలేదు. తర్వాత ఒక పడవవాడు ఆటుపోట్ల మీద రాసుకున్న చిన్న పుస్తకం పట్టుకుని వచ్చాడు. తల్లి అరబ్బు, తండ్రి హిందూ దేశపు నావికుడు. ఏ గదికి వెళ్లినా పక్క గది చూపించారు. వరస చివర 'నల్ల మేక చూపగా' అని రాయించుకున్నాడు. గుమాస్తా ఫర్మానా వెతికాడు. మేక ఒకరికే చూపాలని ఎక్కడా లేదు. ఆ తర్వాత మందులమ్మే యూదుడు వచ్చాడు, వంటలు రాసుకున్న రోము బానిస వచ్చింది, లెక్కలు రాసిన సింధీ వచ్చాడు. అమ్మ ఒకటి, నాన్న ఒకటి అయినవాళ్లు వచ్చారు. ఆ పట్నంలో వాళ్లు చాలామందే ఉన్నట్టు తేలింది. మేక చూపిన విద్యలతో అరలు నిండి, పుస్తకాలు నేల మీదికి దిగాయి. మొదటి రెండు గదుల్లో ఆతిథ్యం మీద, మర్యాద మీద ఉన్న పుస్తకాలను చదివేవాళ్లు తగ్గిపోయారు. చివరికి కోసిన బల్ల ముక్కలు రెండూ తెచ్చి మూడో గదిలో కలిపి మేకులు కొట్టారు. కూర్చునే చోటు చాలలేదని.

ఒక మధ్యాహ్నం అబూ ఖష్రమ్ కాగితాల బజారుకు వచ్చి, అటూ ఇటూ చూసి, దన్హా పక్కన కూర్చున్నాడు.

"మా తాత నేత మీద కొన్ని సంగతులు చెప్పేవాడు. పట్టు దారం గురించి. మంచివే. ఎక్కడా రాయలేదు నేను." ఇంకోసారి వెనక్కి చూశాడు. "మేక వరసలో చోటుందా?"

"ఉందండి."

"ఫీరూజాన్‌కు తెలియనివ్వకు."

"ఆయన పొద్దున్నే వచ్చి వెళ్లారండి. ఒంటెల వైద్యం మీద."

ఆ వారమే దన్హా పుస్తకం మొదటి ఆకుకు నకలు రాసుకుని కఫ్రాకు వెళ్లాడు. షప్పీరా మంచం మీద ఉంది. మోకాళ్ల నొప్పి నడుందాకా వచ్చింది. పక్కన ఇద్దరు ఆడపిల్లలు కొత్త తాడు పేనుతున్నారు, చెట్టెక్కడం నేర్చుకుంటున్నవాళ్లు.

"సదువు అల్లుడా."

చదివాడు. నాకు మా అత్త షప్పీరా చెప్పింది. ఆమె కళ్లు మూసుకుని వింది. ఇంకోసారి చదవమంది. చదివాడు.

"బావుంది. మేకది కూడా ఉంచారుగా?"

"దానికి గదే కట్టారు అత్తా. పట్నంలో సగం మంది ఇప్పుడు మీ మేక చుట్టాలే."

షప్పీరా నవ్వింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"మా మేకా? అది మాది కాదయ్యా. ఆ ఏడు వరదలో యాణ్ణుంచో కొట్టుకొచ్చింది. ఎవురిదో, ఏ ఊరిదో, ఎవురికి తెలుసు? అంతమంది దొరలొచ్చి కూకున్నారు గానీ, ఒక్కడన్నా అడిగాడా?"

దన్హా కాగితం మడిచి పక్కన పెట్టాడు.

"మరి మీరేం చేశారు?"

"ఏం చేస్తాం? తడిసి వణుకుతోందంట. మా అవ్వ నీళ్లు పెట్టి గుంజకు కట్టేసింది. ఆ తర్వాత అది మాదే."

దన్హా అలవాటు కొద్దీ కలం తీశాడు, సిరాబుడ్డి మూత కూడా తీశాడు. కాసేపు ఆలోచించి మూత మళ్లీ పెట్టేశాడు. ఆ మాట రాస్తే దివాను వాళ్లు ఆ వరదకు కూడా ఒక గది కట్టాల్సి వస్తుంది.